యాడ్వర్బ్ ఎక్కడ పెట్టాలి? మర్ఫీ, రెన్ అండ్ మార్టిన్: ఏ పుస్తకం ఎంతవరకు నేర్పుతుంది

ఎలా, ఎక్కడ, ఎప్పుడు, ఎంత తరచుగా అని చెప్పే మాట యాడ్వర్బ్. ఇంగ్లిష్ వాక్యంలో యాడ్వర్బ్‌ను ఎక్కడ పెట్టాలన్నది మనవాళ్లకు చివరిదాకా కొరుకుడు పడని విషయం. టెన్సులు, ఆర్టికల్స్ ఒక దారికి వచ్చాక కూడా 'ఐ యామ్ గోయింగ్ టుమారో టు హైదరాబాద్', 'ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ క్లియర్లీ ది ప్రాబ్లమ్', 'ఆల్రెడీ ఐ టోల్డ్ యూ', 'ఐ కేమ్ ఎస్టర్డే ఓన్లీ' అనే వాక్యాలు ఈమెయిళ్లలో, ఇంటర్వ్యూల్లో వస్తూనే ఉంటాయి. వీటిని దిద్దుకోవాలనుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువగా కొనేవి రెండు గ్రామర్ పుస్తకాలు. ఆ పుస్తకాలను మొత్తంగా తూచడం ఇక్కడి పని కాదు. ఈ ఒక్క అంశంలో ఏది ఎంత పనికొస్తుంది, ఎక్కడ దారి చూపకుండా వదిలేస్తుంది అన్నదే చూద్దాం. కింది ఉదాహరణలు పుస్తకాల్లోంచి ఎత్తినవి కావు, తెలుగువాళ్లు చేసే తప్పులకు తగ్గట్టు రాసినవి.

మొదటిది కేంబ్రిడ్జి ప్రచురించే 'ఇంగ్లిష్ గ్రామర్ ఇన్ యూజ్'. రాసింది రేమండ్ మర్ఫీ, అందుకే విద్యార్థులు మర్ఫీ అనే పిలుస్తారు. 1985లో మొదటిసారి వచ్చింది, 5వ ఎడిషన్ 2019లో వచ్చింది. ఇక్కడ చెప్పే యూనిట్ నంబర్లు ఆ ఎడిషన్‌వి. మొత్తం 145 యూనిట్లు. ఎడమ పేజీలో వివరణ, కుడి పేజీలో అభ్యాసాలు. మనకు కావలసింది 109 నుంచి 112 దాకా నాలుగు యూనిట్లు, అంటే ఎనిమిది పేజీలు.

రెండోది రెన్ అండ్ మార్టిన్ 'హైస్కూల్ ఇంగ్లిష్ గ్రామర్ అండ్ కాంపొజిషన్'. 1930ల నాటి ఈ పుస్తకాన్ని ఎన్. డి. వి. ప్రసాదరావు సవరించారు. ఎస్. చాంద్ సంస్థ ప్రచురణగా ఇప్పుడు దొరికేది ఆ రూపమే. ఇందులో యాడ్వర్బ్ స్థానానికి విడిగా 'పొజిషన్ ఆఫ్ యాడ్వర్బ్స్' అనే చిన్న అధ్యాయం ఉంది.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఆఫీసులో రాయడానికి, మాట్లాడటానికి, విదేశీ చదువుల పరీక్షలకు అయితే మర్ఫీ. తప్పు కనిపెట్టమని, ఉన్న వాక్యాన్ని సరిచేయమని అడిగే పోటీ పరీక్షలకు అయితే రెన్ అండ్ మార్టిన్. అయితే రెండింటిలోనూ ఒక లోటు ఉంది. ఇంగ్లిష్ వాక్యం రాస్తున్నప్పుడు తెలుగు మనల్ని ఎటు లాగుతుందో రెండూ చెప్పవు. మర్ఫీ ప్రపంచమంతటికీ రాసిన పుస్తకం, రెన్ అండ్ మార్టిన్ దేశంలోని భాషలన్నిటి పిల్లలకూ రాసింది, కాబట్టి ఆ లోటు సహజమే. ఆ భాగం చదివేవాళ్లే మార్జిన్లో రాసుకోవాలి.

ఆ లాగుడు ఎలా ఉంటుందో చూడండి. 'మేనేజర్ నిన్న మీటింగ్‌లో చాలా కోపంగా మాట్లాడాడు' అంటాం. ఎప్పుడు, ఎక్కడ, ఎలా, చివరికి క్రియ. ఇంగ్లిష్‌లో 'ది మేనేజర్ స్పోక్ వెరీ యాంగ్రిలీ ఎట్ ది మీటింగ్ ఎస్టర్డే'. ముందు క్రియ, తర్వాత ఎలా, ఎక్కడ, ఎప్పుడు. క్రియ దగ్గర అద్దం నిలబెట్టినట్టు వరస మొత్తం తిరగబడింది. తెలుగులో ని, కి, లో లాంటి ప్రత్యయాలు ఏ మాట ఏ పని చేస్తోందో చెప్పేస్తాయి కాబట్టి మాటలను అటూ ఇటూ జరిపినా అర్థం చెడదు. ఇంగ్లిష్‌లో ఆ పనిలో చాలా భాగం స్థానమే చేస్తుంది. కర్మ (ఆబ్జెక్ట్) క్రియను అంటిపెట్టుకుని ఉండేది అందుకే.

ఈ వరసను సూత్రంగా చెప్పడంలో రెన్ అండ్ మార్టిన్‌ది పైచేయి. ఎలా, ఎక్కడ, ఎప్పుడు అన్న క్రమాన్ని ఒక్క వాక్యంలో చెబుతుంది. పరీక్ష హాల్లో గుర్తుకొచ్చేది అలాంటి వాక్యమే. కానీ కదలికను చెప్పే క్రియల దగ్గర ఈ సూత్రం జారిపోతుంది. 'గో', 'కమ్', 'అరైవ్', 'రిటర్న్' లాంటివి వస్తే చోటు క్రియ పక్కకు వస్తుంది, 'ఎలా' దాని వెనక్కు వెళ్తుంది. 'షి వెంట్ హోమ్ క్వయట్లీ', 'దే కేమ్ టు విజయవాడ బై బస్ ఎస్టర్డే'. సూత్రాన్ని అక్షరాలా పట్టుకుంటే 'షి వెంట్ క్వయట్లీ హోమ్' అని రాయాల్సి వస్తుంది, చదివేవాళ్లకు అది ఎబ్బెట్టుగా ఉంటుంది. మర్ఫీ 109వ యూనిట్ ఇక్కడ బాగా ఆదుకుంటుంది. క్రియ, దానికి చెందిన చోటు కలిసి ఉంటాయని నేరుగా చెబుతుంది. తర్వాత కాలాన్ని చివర పెట్టమంటుంది, మొదట్లో పెట్టినా తప్పులేదంటుంది.

ఆ చివరి మాట తెలుగువాళ్లకు పెద్ద ఊరట. 'ఎస్టర్డే ఐ మెట్ హిమ్ ఎట్ ది బ్యాంక్' అని కాలంతో మొదలుపెట్టడం తెలుగు అలవాటే అయినా ఇంగ్లిష్‌లోనూ అది సరైన వాక్యమే. అసలు తప్పు కాలాన్ని మధ్యలో ఇరికించడంలో ఉంది. 'ఐ మెట్ ఎస్టర్డే హిమ్' అని ఎవరూ అనరు గానీ 'ఐ సబ్మిటెడ్ లాస్ట్ వీక్ ది ఫామ్' అని చాలామంది రాస్తారు. క్రియకూ కర్మకూ మధ్య సందు వచ్చింది. కర్మ పొట్టిగా ఉన్నంతవరకు ఈ సందు ఉండకూడదు.

'ఉన్నంతవరకు' అనడానికి కారణం ఉంది. మర్ఫీ ఈ నియమానికి 'సాధారణంగా' అన్న ఒక్క మాట తగిలించి ముందుకు వెళ్లిపోతుంది. ఆ మాట వెనక ఉన్నది ఇది: కర్మ బాగా పొడవైతే చిన్న యాడ్వర్బ్ దాని ముందుకు రావచ్చు. 'షి ఎక్స్‌ప్లెయిన్డ్ బ్రీఫ్లీ వై ది దుబాయ్ ఫ్లైట్ హాడ్ బీన్ క్యాన్సిల్డ్' సరైనదే. 'బ్రీఫ్లీ'ని చివరికి తోస్తే ఎక్స్‌ప్లెయిన్ చేసిన తీరు గురించో, క్యాన్సిల్ అయిన తీరు గురించో తెలియకుండా పోతుంది. పొట్టి కర్మ అయితే సందు వద్దు, పొడవైన క్లాజ్ అయితే ఫరవాలేదు అని యూనిట్ పక్కన రాసుకుంటే చాలు.

ఇక మధ్య స్థానం. ఎక్కువ తప్పులు పుట్టేది ఇక్కడే, రెండు పుస్తకాలూ ఎక్కువ చోటిచ్చిందీ దీనికే. 'ఆల్వేస్', 'ఆఫెన్', 'నెవర్', 'యూజువల్లీ', 'ఆల్సో', 'ప్రాబబ్లీ' లాంటివి క్రియ ఒక్క మాటే అయితే దాని ముందు, 'యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్' అయితే వాటి తర్వాత, క్రియలో రెండు మూడు మాటలుంటే మొదటిదాని తర్వాత వస్తాయి. 'హి ఆల్వేస్ కమ్స్ లేట్', 'హి ఈజ్ ఆల్వేస్ లేట్', 'హి హాజ్ ఆల్వేస్ కమ్ లేట్'. రెండు పుస్తకాలూ దీన్ని స్పష్టంగా చెప్పాయి. 'హావ్ టు' ముందు యాడ్వర్బ్ రావాలని కూడా రెండూ చెప్పాయి: 'వీ ఆల్వేస్ హావ్ టు వెయిట్'.

మర్ఫీ 110వ యూనిట్‌లో ఉన్న ఇంకో సంగతి మనకు బాగా పనికొస్తుంది. 'ప్రాబబ్లీ' నెగెటివ్‌కు ముందు వస్తుంది. 'హి ప్రాబబ్లీ వోంట్ కమ్' అనాలి. మొదటి సహాయక క్రియ ('హావ్', 'విల్' లాంటిది) తర్వాత పెట్టాలన్న నియమాన్ని గుడ్డిగా పాటిస్తే 'హి వోంట్ ప్రాబబ్లీ కమ్' అవుతుంది. 'స్టిల్' కూడా ఇదే దారి: 'ఐ స్టిల్ హావెంట్ రిసీవ్డ్ ది రీఫండ్'.

రెన్ అండ్ మార్టిన్ సూత్రాన్ని ప్రశ్నలకు వర్తింపజేసేటప్పుడూ జాగ్రత్త పడాలి. మొదటి మాట తర్వాత అంటే 'హావ్ ఆల్రెడీ యూ ఫినిష్డ్?' అని రాసేవాళ్లున్నారు. ప్రశ్నలో సహాయక క్రియ వెంటనే సబ్జెక్ట్ వస్తుంది, యాడ్వర్బ్ ఆ సబ్జెక్ట్ వెనక నిలబడుతుంది: 'హావ్ యూ ఆల్రెడీ ఫినిష్డ్?', 'హావ్ యూ ఎవర్ బీన్ టు అరకు?'

ఇంకో గుంట పాసివ్ వాక్యాల్లో ఉంది. రోడ్డు బాగా పాడైందని రాయాలి. మొదటి సహాయక క్రియ తర్వాత పెట్టి 'ది రోడ్ హాజ్ బ్యాడ్లీ బీన్ డ్యామేజ్డ్' అనకూడదు. 'ది రోడ్ హాజ్ బీన్ బ్యాడ్లీ డ్యామేజ్డ్' అనాలి. తరచుదనాన్ని, నిశ్చయాన్ని చెప్పే యాడ్వర్బ్‌లు మొదటి సహాయక క్రియ తర్వాత వస్తాయి. పని ఎలా జరిగిందో చెప్పేవి మధ్యలోకి వస్తే సహాయక క్రియలన్నీ అయ్యాక, అసలు క్రియకు ఆనుకుని వస్తాయి. ఈ తేడా వివరంగా కావాలంటే మైకేల్ స్వాన్ రాసిన 'ప్రాక్టికల్ ఇంగ్లిష్ యూసేజ్' చూడాలి. ఆక్స్‌ఫర్డ్ ప్రచురణ, 2016లో 4వ ఎడిషన్ వచ్చింది. యాడ్వర్బ్ స్థానాన్ని మొదలు, మధ్య, చివర అని విడగొట్టి, ఏ రకం ఎక్కడ ఎందుకు ఇముడుతుందో చెప్పడంలో మిగతా రెండూ దాని దరికి రావు. అభ్యాసాలు మాత్రం ఉండవు. పాఠం చెప్పేవాళ్ల బల్ల మీద ఉండాల్సిన పుస్తకం అది, మొదటిసారి నేర్చుకునేవాళ్లు దాంతో మొదలుపెట్టకూడదు.

మర్ఫీ 111వ యూనిట్ తెలుగువాళ్ల కోసమే రాశారా అనిపిస్తుంది. 'స్టిల్', 'యెట్', 'ఆల్రెడీ', 'ఎనీ మోర్' అన్నీ ఒకేచోట ఉన్నాయి. తెలుగులో 'ఇంకా వెయిట్ చేస్తున్నా', 'ఆల్రెడీ చెప్పాను' అని ఆ మాటతోనే వాక్యం మొదలుపెడతాం. ఆ వరసే ఇంగ్లిష్‌లోకి దిగి 'స్టిల్ ఐ యామ్ వెయిటింగ్', 'ఆల్రెడీ ఐ టోల్డ్ యూ' అవుతుంది. 'ఐ యామ్ స్టిల్ వెయిటింగ్', 'ఐ హావ్ ఆల్రెడీ టోల్డ్ యూ' అన్నవి సరైన రూపాలు. 'ఆల్రెడీ' చివర కూడా రావచ్చు. 'స్టిల్'ను ముందు పెడితే 'అయినా సరే' అన్న వేరే అర్థం వస్తుంది. కస్టమర్ కేర్‌కు రాసిన ఫిర్యాదులో ఆ అర్థం మనకు అక్కర్లేదు. నాలుగు యూనిట్లలో ఒక్కదానికే సమయం ఉంటే దీన్ని చేయండి.

112వ యూనిట్ 'ఈవెన్' గురించి. బాగుంది, తేలిగ్గా అయిపోతుంది.

'ఓన్లీ' దగ్గరకు వచ్చేసరికి మర్ఫీ నిరాశపరుస్తుంది. దానికంటూ ఒక యూనిట్ లేదు. మనకేమో అత్యవసరమైనది అదే. తెలుగులో 'నిన్ననే వచ్చాను', 'రవి మాత్రమే వచ్చాడు' అని నొక్కే భాగం మాట వెనక చేరుతుంది. అందుకే 'ఎస్టర్డే ఓన్లీ', 'హియర్ ఓన్లీ', 'హి ఓన్లీ టోల్డ్ మి' అని నోటికి వస్తాయి. మనలో మనం మాట్లాడుకున్నప్పుడు అందరికీ అర్థమవుతుంది. హ్యూస్టన్‌లోనో లండన్‌లోనో ఉన్న క్లయింట్‌కు రాసినప్పుడు మాత్రం 'హి ఓన్లీ టోల్డ్ మి' అంటే 'అతనే చెప్పాడు' అన్నది చేరదు, 'ఊరికే చెప్పాడంతే' అనో 'నాకొక్కడికే చెప్పాడు' అనో చేరుతుంది. రెన్ అండ్ మార్టిన్ ఈ విషయంలో సూటిగా ఉంది. 'ఓన్లీ' ఏ మాటకు చెందుతుందో ఆ మాటకు సరిగ్గా ముందు పెట్టమంటుంది, మాట్లాడేటప్పుడు మాత్రం క్రియ ముందే పెడుతుంటారని కూడా ఒప్పుకుంటుంది. అంత పాత పుస్తకం వాడుకను అలా ఒప్పుకోవడం మెచ్చుకోదగ్గది.

ఒకే వాక్యంలో 'ఓన్లీ'ని జరుపుతూ వెళ్తే విషయం చేతికి చిక్కుతుంది. 'ఓన్లీ రవి లెంట్ మి ఫైవ్ హండ్రెడ్ రుపీస్' అంటే అప్పిచ్చింది రవి ఒక్కడే. 'రవి లెంట్ ఓన్లీ మి ఫైవ్ హండ్రెడ్ రుపీస్' అంటే ఇంకెవరికీ ఇవ్వలేదు, నాకే ఇచ్చాడు. 'రవి లెంట్ మి ఓన్లీ ఫైవ్ హండ్రెడ్ రుపీస్' అంటే ఇచ్చింది ఐదొందలే. 'రవి ఓన్లీ లెంట్ మి ఫైవ్ హండ్రెడ్ రుపీస్' అని రాతలో చూస్తే రెండు అర్థాలకు తావుంది: ఊరికే ఇవ్వలేదు, అప్పుగానే ఇచ్చాడు అనొచ్చు, ఐదొందలే ఇచ్చాడు అనీ అనొచ్చు. మాటలో అయితే ఏ పదాన్ని ఒత్తి పలికామో దాన్నిబట్టి తేలిపోతుంది. ఒప్పంద పత్రాల్లో, ఆఫీసు సర్క్యులర్లలో ఆ ఒత్తు వినిపించదు కాబట్టి అక్కడ రెన్ అండ్ మార్టిన్ నియమమే పాటించాలి.

స్థానంతో అర్థం మారే ఇంకో జతను దీని పక్కనే రాసుకోండి. 'ఐ రియల్లీ డోంట్ లైక్ ఇట్' అంటే అస్సలు నచ్చలేదు. 'ఐ డోంట్ రియల్లీ లైక్ ఇట్' అంటే అంతగా నచ్చలేదు. మొదటిది గట్టి మాట, రెండోది మెత్తని మాట. పాత ఉద్యోగం గురించి ఇంటర్వ్యూలో అడిగినప్పుడు ఈ తేడా చాలా పని చేస్తుంది.

'ఇనఫ్' విషయంలో రెన్ అండ్ మార్టిన్ చెప్పినంత గుర్తుంచుకుంటే సరిపోతుంది: విశేషణం తర్వాతే, 'ఓల్డ్ ఇనఫ్'. నామవాచకం అయితే ముందు, 'ఇనఫ్ మనీ'.

'నెవర్', 'హార్డ్లీ', 'సెల్డమ్' లాంటివి వాక్యం మొదట్లో వస్తే సహాయక క్రియ సబ్జెక్ట్ ముందుకు దూకుతుంది: 'నెవర్ హావ్ ఐ సీన్ సచ్ ఎ క్రౌడ్'. పోటీ పరీక్షలు ఇష్టంగా అడిగే ప్రశ్న ఇది. నీలం అట్ట మర్ఫీలోని ఈ నాలుగు యూనిట్లలో వెతికితే దొరకదు. అదే సిరీస్‌లో మార్టిన్ హ్యూయింగ్స్ రాసిన ఆకుపచ్చ పుస్తకం 'అడ్వాన్స్‌డ్ గ్రామర్ ఇన్ యూజ్' చివరి యూనిట్లలో ఇన్వర్షన్ పేరుతో ఉంది. ఆజ్ఞల్లో మాత్రం ఈ తిరగేత ఉండదు: 'నెవర్ ఓపెన్ దిస్ డోర్', 'ఆల్వేస్ వేర్ ఎ హెల్మెట్'.

అభ్యాసాల నాణ్యతలో రెండింటికీ చాలా తేడా ఉంది. రెన్ అండ్ మార్టిన్‌లో వాక్యం ఇచ్చి, యాడ్వర్బ్‌ను పక్కన ఇచ్చి, సరైన చోట పెట్టమంటారు. మాటను ఒక సందులో దూర్చడం తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు. నియమం చదివిన ఐదు నిమిషాలకు అన్నీ ఒప్పే వస్తాయి, వారం తర్వాత ఈమెయిల్లో పాత తప్పే వస్తుంది. మర్ఫీలో కొన్ని వాక్యాలు ముందే సరిగ్గా ఉంటాయి, కొన్ని తప్పుగా ఉంటాయి. ఏది ఏదో మనమే తేల్చాలి. సరైన వాక్యాన్ని చూసి కూడా అనుమానం వచ్చిందంటే నియమం ఇంకా ఒంటబట్టలేదని అర్థం. ఆ గుణం వల్లే మర్ఫీ అభ్యాసాలకు విలువ. ఎనిమిది పేజీలకు అవి తక్కువన్నదే ఫిర్యాదు. పుస్తకం వెనక ఉన్న అదనపు అభ్యాసాల మీద ఆశ పెట్టుకోవద్దు, ఈ అంశానికి సొంత వాక్యాలే కావాలి.

వాడే పద్ధతి ఇలా ఉంటే ఫలితం కనిపిస్తుంది. ముందు 109, మరునాడు 110, ఆ తర్వాత 111. ఒకే రోజు మూడూ వద్దు, చివరి స్థానం నియమం, మధ్య స్థానం నియమం కలగలిసిపోతాయి. జవాబులు పెన్సిల్‌తో రాయండి. తప్పిన ప్రతి వాక్యం కింద అదే మాట తెలుగులో ఎలా అంటామో రాయండి. పది తప్పులు పోగయ్యేసరికి వాటిలో ఎక్కువ భాగం తెలుగు వరసను దించుకున్నవేనని కళ్లకు కనిపిస్తుంది. ఆ తర్వాత రెన్ అండ్ మార్టిన్ అధ్యాయాన్ని ఒక్కసారి చదివి, 'ఎలా, ఎక్కడ, ఎప్పుడు' సూత్రం, 'ఓన్లీ' నియమం, 'ఇనఫ్' నియమం మాత్రం తీసుకోండి. చివరగా మీరు ఈమధ్య పంపిన ఐదారు ఈమెయిళ్లు తెరిచి ప్రతి యాడ్వర్బ్‌కు గీత పెట్టండి. ఒక్కోదాన్ని ఈ వరసలో అడగండి: క్రియకూ కర్మకూ మధ్య దూరిందా? తరచుదనమో నిశ్చయమో చెబుతుంటే మధ్య స్థానంలో ఉందా? కాలం, చోటు రెండూ ఉంటే కాలం మొదట్లో గానీ చివర గానీ ఉందా? 'ఓన్లీ' తన మాటకు ముందు ఉందా? వాక్యాలను సరిచేశాక బయటికి చదవండి.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని. మర్ఫీలో జవాబులు ఉన్నది, లేనిది రెండూ అమ్ముతారు. ఒంటరిగా చదువుకునేవాళ్లు అట్ట మీద 'విత్ ఆన్సర్స్' అని ఉన్నదే తీసుకోవాలి. నీలం అట్ట పుస్తకం బరువనిపిస్తే ఎరుపు అట్ట 'ఎసెన్షియల్ గ్రామర్ ఇన్ యూజ్' ఉంది, అది ఇంకా మొదటి మెట్టు మీద ఉన్నవాళ్లకు. మన ప్రాంతం కోసం వేసిన సౌత్ ఏషియన్ ఎడిషన్ ధర తక్కువ, దిగుమతి ప్రతి కోసం ఎక్కువ పెట్టక్కర్లేదు. హైదరాబాద్‌లో కోఠి, ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతలో పాత ఎడిషన్లు దొరుకుతాయి. గ్రామర్ ఏమీ పాతబడదు గానీ యూనిట్ నంబర్లు అటూ ఇటూ అవుతాయి. విషయసూచికలో 'వర్డ్ ఆర్డర్' అన్న పేరు పట్టుకుని వెతకండి. పాత ప్రతి కొనే ముందు ఆ యూనిట్ల కుడి పేజీలు తిప్పి చూడండి, ముందటి యజమాని పెన్నుతో జవాబులు నింపేసి ఉంటే ఆ అభ్యాసాలు ఇక మీకు పనికిరావు. రెన్ అండ్ మార్టిన్‌కు జవాబుల పుస్తకం విడిగా అమ్ముతారు. ఈ ఒక్క అధ్యాయం కోసమైతే అది కొనక్కర్లేదు, మర్ఫీ చేశాక ఆ జవాబులు ఎవరినీ అడగాల్సిన అవసరం రాదు.